ఫోన్ ఫొటోలా, ఫీడర్ స్కానింగా, ప్రచురణకర్త ఫైలా: చూపులేనివాళ్ల పుస్తకాలకు ఏది మేలు?

శనాదివారాలు చూపులేనివాళ్ల కోసం తెలుగు పుస్తకాలు స్కాన్ చేసిపెడతాం అనేవాళ్లు బెంగళూరులో బాగానే ఉన్నారు. పేచీ అంతా ఎలా చేయాలన్న దగ్గరే.

అందరూ ముందు ఫోన్ తీస్తారు. పైసా ఖర్చు లేదు, నిజమే. కానీ రెండు పేజీల మధ్య మడత దగ్గర అక్షరాలు వంగిపోతాయి, పట్టుకున్న వేలి నీడ పడుతుంది, ఇక తెలుగులో వత్తు కాస్త మసకబారినా, ఫొటోలోని అక్షరాల్ని టైపు అక్షరాలుగా మార్చే ఓసీఆర్ సాఫ్ట్‌వేర్ తడబడుతుంది. ప కాస్తా వ అవుతుంది, మ య అవుతుంది, ఒక్కోసారి అక్షరం పక్కన ఉండాల్సిన సున్న అంకెగా మారి, ఆ అక్షరాల్ని పైకి చదివి వినిపించే స్క్రీన్ రీడర్ మాట మధ్యలో ‘జీరో’ అంటుంది. వినేవాళ్లకు ఎంత చిరాకో!

అవెన్యూ రోడ్డు పాత పుస్తకాల్లో ఇంకో కాపీ దొరికితే మాత్రం బైండింగ్ షాపులో వెన్ను కోయించేసి, విడి కాగితాల్ని వరసగా తనే లాక్కునే ఫీడర్ స్కానర్‌లో 300 డీపీఐతో (అంగుళానికి 300 చుక్కలు) లాగించడమే నయం. (పుస్తక ప్రియులు తిట్టుకోవచ్చు, తిట్టుకోనివ్వండి.) పెళుసు కాగితమైతే ఫీడర్ చింపేస్తుంది, దానికి అద్దం మీద ఒక్కో పేజీ పరిచి తీసే ఫ్లాట్‌బెడ్డే గతి.

స్కానింగ్ ఖర్చు చూసి వెనకాడేవాళ్లు ప్రూఫ్ ఖర్చు, అంటే ఓసీఆర్ తప్పులు దిద్దే ఖర్చు, లెక్కేయరు. పేజీకి 1500 అక్షరాలనుకుంటే, 99 శాతం కరెక్టుగా వచ్చినా 15 తప్పులు. 200 పేజీలకు 3000! పైగా ప్రతి పేజీ నెత్తిన ఉండే పుస్తకం పేరు, పేజీ నంబరు వాక్యం మధ్యలో దూరతాయి, వాటినీ ఏరిపారేయాలి. స్కాన్ ఒక పూటలో అయిపోతుంది, ప్రూఫ్‌కి వారాలు పడుతుంది.

అందుకే ప్రచురణకర్తను ఫైలు అడగడం అన్నిటికన్నా మేలంటాను. 2012 కాపీరైట్ సవరణ తర్వాత లాభాపేక్ష లేకుండా ఇలా మార్చడానికి వాళ్ల అనుమతి అక్కర్లేదు, అయినా ఫైలిస్తే సగం చాకిరీ తప్పుతుంది. తిరకాసల్లా తెలుగు డీటీపీలో వాడే అను ఫాంట్లతో. అన్ని కంప్యూటర్లూ గుర్తుపట్టే యూనికోడ్ కాదు కాబట్టి స్క్రీన్ రీడర్‌కి అదంతా పిచ్చి గీతలే, యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్‌లో వేసి ఒకసారి సరిచూడాలి. అయినా 3000 తప్పులు దిద్దడం కంటే చాలా తేలిక.

రేపే పరీక్ష అన్న కుర్రాడికి ఇవేవీ పట్టవు, వాడికి ఫోన్ ఫొటోల నుంచి తీసిన తప్పుల తడకైనా ఈ రాత్రికే పంపండి. కథలు, నవలలకు అలా కుదరదు, తీరిగ్గా దిద్దాకే ఇవ్వాలి. ఏది మొదలుపెట్టినా ముందు 2016లో వచ్చిన, చూపులేనివాళ్ల ఆన్‌లైన్ లైబ్రరీ సుగమ్య పుస్తకాలయలో ఆ పుస్తకం ఇప్పటికే ఉందేమో వెతకండి, ప్రూఫ్ చూసే మనిషి ఖాయమయ్యాకే వెన్ను కోయించండి.