ఐ-40 మీద రాత్రి బసలు: రాలీ నుంచి కాలిఫోర్నియా దాకా

మా ఆయన ఉద్యోగం కాలిఫోర్నియాకు మారడంతో నార్త్ కరోలినాలోని రాలీ నుంచి కాపురం ఎత్తేయాల్సి వచ్చింది. పెద్ద సామాను మూవర్స్ తీసుకెళ్లిపోయారు. కారు షిప్పింగ్‌కు చెప్పిన రేటు వినగానే, ఆ డబ్బుతో మనమే చూసుకుంటూ పోవచ్చు కదా అనిపించి ఐ-40 హైవే ఎక్కాం. రాలీ నుంచి కాలిఫోర్నియాలోని బార్‌స్టో దాకా ఒకటే రోడ్డు, దాదాపు 2,400 మైళ్లు. కార్లో మేమిద్దరం, ఎనిమిదేళ్ల మా వాడు, ఇండియా నుంచి వచ్చి ఉన్న మా అత్తగారు. డిక్కీ నిండా, సీట్ల కింద కూడా సామానే.

ఈ దారిలో చూడాల్సిన వాటి గురించి చాలామంది చెబుతారు. రాత్రి ఎక్కడ పడుకోవాలి అంటే మాత్రం "హైవే పక్కన బోలెడు మోటెల్స్, ఏదో ఒకటి దొరుకుతుందిలే" అని తేల్చేస్తారు. దొరకడం నిజమే. పిల్లాడిని, పెద్దావిడను పెట్టుకుని ఆ "ఏదో ఒకటి"లో దిగడానికి మనసొప్పాలిగా. మేం అనుకున్నవి మూడు: పన్నులు కాకుండా వంద డాలర్లలోపు గది, అత్తగారు మెట్లెక్కనక్కర్లేని చోటు, తెల్లారేసరికి కారు అద్దాలతో సహా ఉండే పార్కింగ్.

ముందు హోటల్ బోర్డుల సంగతి చెప్పాలి. సూపర్ 8, డేస్ ఇన్, లా క్వింటా... ఇవి విండమ్ అనే కంపెనీ బ్రాండ్లు. కంఫర్ట్ ఇన్, క్వాలిటీ ఇన్, స్లీప్ ఇన్... ఇవి చాయిస్ అనే కంపెనీవి. వీటిలో చాలావరకు ఫ్రాంచైజీలు. బోర్డు కంపెనీది, బిల్డింగు ఎవరో ఓనరుది. ఏ బ్రాండు తీసుకున్నా ఒక ఊళ్లో శుభ్రంగా ఉన్నది ఇంకో ఊళ్లో అలాగే ఉంటుందన్న నమ్మకం లేదు. డ్రూరీ లాంటి ఒకటి రెండు సంస్థలు తమ హోటళ్లను తామే నడుపుతాయి కాబట్టి అక్కడ తేడా తక్కువ. సాయంత్రం తిండి కూడా పెడతారు. కానీ మా వంద డాలర్లకు అవి చాలాచోట్ల అందవు. కాబట్టి బ్రాండు రేటింగు వదిలేసి, ఆ బిల్డింగు మీద ఈ రెండు మూడు నెలల్లో వచ్చిన రివ్యూలే చదివేవాళ్లం. "మేనేజ్‌మెంట్ మారాక బాగుపడింది" అని నలుగురు రాస్తే పాత తిట్లన్నీ కొట్టేయొచ్చు. "రాత్రంతా పార్కింగ్‌లో జనం" అని ఇద్దరు రాసినా నేను ఆ పేజీ మూసేస్తాను, రేటింగు నాలుగున్నర ఉన్నా సరే.

తర్వాత మ్యాప్‌లో శాటిలైట్ వ్యూ. గది తలుపు నేరుగా పార్కింగ్‌లోకి తెరుచుకుంటుందా, లోపలి వరండాలోకా అన్నది పైనుంచి చూస్తేనే తెలిసిపోతుంది. బయట మెట్లు కనిపిస్తే లిఫ్టు ఉండదనే అనుకోవాలి. "కింద గది తీసుకోవద్దు, రెండో అంతస్తు సేఫ్" అని అందరూ ఇచ్చే సలహా మోకాళ్ల నొప్పులున్న మనిషి పక్కన ఉంటే పనికిరాదు. అందుకే లోపలి వరండా, లిఫ్టు ఉన్నవాటికే మొదటి ఓటు వేశాం.

మొదటి రాత్రి నాక్స్‌విల్ అనుకున్నాం కానీ శనివారం బయల్దేరాం. అక్కడ టెనసీ యూనివర్సిటీ ఫుట్‌బాల్ మ్యాచ్. నేలండ్ స్టేడియంలో లక్ష మందికి పైగా పడతారు. వాళ్లలో సగం మంది పడుకునే గదులు కూడా ఆ ఊళ్లోనే కావాలి మరి. మామూలు రోజుల్లో 90 డాలర్లున్న గది 300 దాటింది. నాష్‌విల్ వీకెండ్ రేట్లు ఎప్పుడూ అంతే. అందుకని రెండింటికీ మధ్యనున్న కుక్‌విల్‌కు పోయాం. కాలేజీ ఊరు, ఎగ్జిట్ దగ్గరే వరసగా హోటళ్లు, మాకు 84 డాలర్లు. దారిలోనే సెంట్రల్ టైమ్ వచ్చేస్తుంది కాబట్టి గంట కలిసొస్తుంది. అయితే కుక్‌విల్ చేరేలోపే దారిలో, నార్త్ కరోలినా సరిహద్దులో పిజియన్ నది లోయ దగ్గర రోడ్డు 2024 సెప్టెంబర్‌లో హెలీన్ తుఫానుకు కొట్టుకుపోయింది. 2025 మార్చిలో అటొక లేను, ఇటొక లేనుగా తెరిచారు. మేం వెళ్లినప్పుడు అక్కడ నత్తనడకే. ఆ రోజు గమ్యాన్ని మరీ దూరం పెట్టుకోకపోవడం మంచిదైంది.

రెండో మజిలీ ఆర్కన్సాలో కాన్వే. చెప్పడానికేమీ లేదు. శుభ్రమైన గది, పొద్దున వాఫిల్, మా వాడి ఆనందం. పెద్ద ఊళ్లకు కాస్త దూరంలో ఉండే ఇలాంటి చిన్న కాలేజీ ఊళ్లు మాకు కలిసొచ్చాయి. మెంఫిస్ కంటే, లిటిల్ రాక్ కంటే కాన్వేలో రేటు తక్కువ, పార్కింగ్‌లో టెన్షన్ తక్కువ.

ఇక టెక్సాస్‌లోని అమరిల్లో అనే ఊరు. ఓక్లహోమా దాటేసరికి బాగా అలిసిపోయాం. మధ్యాహ్నమే యాప్‌లో డబ్బు కట్టి ఒక మోటెల్ బుక్ చేశాం, ఫోన్ చేసి కనుక్కున్న రేటు కంటే ఆరు డాలర్లు తక్కువ. ఫొటోల్లో బాగానే ఉంది. వెళ్లి చూస్తే తలుపు గొళ్లెం పడేచోట ఫ్రేము నిలువునా చీలి ఉంది, దాని మీద మెరిసే కొత్త స్క్రూలతో ఇనుప పట్టీ బిగించారు. ఎవరో తలుపు తన్ని తెరిచారన్నమాట, అదీ ఈమధ్యనే. పక్క గది తలుపు బార్లా తీసి ఉంది, మెట్ల మీద నలుగురు సీసాలతో కూర్చున్నారు. మా అత్తగారు గడపలోనే ఆగిపోయి, "ఇక్కడ నేను కళ్లు కూడా మూయనురా అబ్బాయ్, కార్లోనే కూర్చుంటా" అన్నారు.

కౌంటర్ దగ్గర అడిగితే "యాప్‌లో కట్టారు కదా, రిఫండ్ వాళ్లనే అడగండి" అన్నాడు. యాప్ వాళ్లకు ఫోన్ చేస్తే "హోటల్ ఒప్పుకుంటేనే ఇస్తాం" అన్నారు. ఆ ముక్కే పట్టుకుని ఇద్దరినీ స్పీకర్ ఫోన్‌లో మాట్లాడించాల్సి వచ్చింది. చివరికి సగం ఇచ్చారు, అదీ చాన్నాళ్లకు. ఆ తర్వాత ప్రతి చోటా హోటల్‌కే నేరుగా ఫోన్ చేశాం. రేటు యాప్‌కు అటూ ఇటూగానే ఉంటుంది, కొన్నిచోట్ల అదే రేటుకు దించుతారు కూడా. సాయంత్రం 4 లేదా 6 లోపు క్యాన్సిల్ చేసుకునే వీలు చాలామంది ఇస్తారు. పైగా గది చూశాకే డబ్బు కట్టొచ్చు. "రూమ్ ఒకసారి చూడొచ్చా?" అని అడగడానికి మనవాళ్లు మొహమాటపడతారు. అడిగితే శుభ్రంగా పెట్టుకున్నవాళ్లు తాళం చేతికిస్తారు, సణిగే చోట మనకు పనిలేదు.

రాత్రి తొమ్మిదిన్నరకు రెండు ఎగ్జిట్ల అవతల ఇంకో మోటెల్‌కు వెళ్లాం. కౌంటర్‌లో నడివయసు గుజరాతీ ఆవిడ. అమెరికాలో చాలా మోటెల్స్‌కు గుజరాతీ పటేల్సే ఓనర్లన్న సంగతి తెలిసిందే. 1989లో అట్లాంటాలో మొదలైన ఏషియన్ అమెరికన్ హోటల్ ఓనర్స్ అసోసియేషన్, దేశంలోని హోటళ్లలో అరవై శాతం తమ సభ్యులవేనని చెప్పుకుంటుంది. ఆవిడ "ఆయియే మాజీ" అనగానే మా అత్తగారికి వచ్చిన నాలుగు హిందీ ముక్కలూ బయటికొచ్చేశాయి. ఆఫీసు పక్కనే కింద గది ఇచ్చి, కారును తమ కెమెరా కిందికి తెచ్చి వెనక భాగం గోడకు ఆనించి పెట్టమంది. డిక్కీ తెరుచుకోదు, దొంగకు పని ఉండదు. ఈ చిట్కా మిగతా దారంతా వాడాం. గది పాతదే, ఏసీ మోత కూడా. కానీ గొళ్లెం గట్టిది, దుప్పట్లు తెల్లనివి. ఓనర్లు అక్కడే కాపురం ఉండే మోటెల్ అని తెలిస్తే నేను ఇంకేమీ అడగను.

ఆ లెక్కన మాకు అన్నిటికంటే నచ్చింది న్యూ మెక్సికోలోని టుకుమ్‌కారీ. అమరిల్లో నుంచి రెండు గంటల్లోపే, అయినా ఆ రోజు కావాలని తొందరగా ఆగిపోయాం. 1926లో పుట్టిన రూట్ 66 మీద బతికిన ఊరు ఇది. ఐ-40 వచ్చి ఊరిని పక్కకు తప్పించాక, 1985లో రూట్ 66ను జాతీయ రహదారుల జాబితా నుంచే తీసేశాక ఎన్నో మోటెల్స్ మూతపడ్డాయి. మిగిలినవాటి నియాన్ బోర్డులు ఇప్పటికీ వెలుగుతాయి. 1939 నాటి బ్లూ స్వాలో మోటెల్‌లో గది పక్కనే కారుకు చిన్న గరాజ్ ఉంటుంది, మా అవసరానికి అంతకంటే ఏం కావాలి? గదులు ఖాళీ లేవు. అదే వీధిలో ఇంకో పాత మోటెల్‌లో దిగాం. అన్నీ కింది గదులే, తలుపులు బయటికే, అయినా భయమనిపించలేదు. ఓనరు గారు సాయంత్రం కుర్చీ వేసుకుని వాకిట్లోనే కూర్చున్నారు. అత్తగారు కూడా ఇంకో కుర్చీ వేయించుకుని బోర్డులు వెలగడం చూశారు. లోపలి వరండాయే కావాలన్న మా నియమం ఇక్కడ ఇష్టపడే పక్కన పెట్టాం.

ఆల్బకర్కీలో రాత్రి ఆగలేదు. ఊరు అందమైనదే, చూడాల్సిన ఊరే. కానీ 2016 నుంచి 2018 దాకా కార్ల దొంగతనాల రేటులో దేశంలో మొదటి స్థానం ఆ నగరానిదే. సామానుతో నిండిన కారుతో అక్కడ నిద్రపట్టదనిపించింది. మీ కారు ఖాళీగా ఉంటే నిశ్చింతగా ఆగండి. అక్టోబర్ మొదట్లో బెలూన్ ఫియెస్టా అనే అక్కడి బెలూన్ల పండుగ రోజుల్లో మాత్రం గదుల ఆశ వదులుకోవాలి.

గాలప్‌లో 72 డాలర్లకు గది దొరికింది, దారి మొత్తంలో అదే చౌక. ఎందుకు చౌకో రాత్రి తెలిసింది. కిటికీ అవతల రోడ్డు, రోడ్డు అవతల రైలు పట్టాలు. గేటు దగ్గరికి వస్తున్న ప్రతి గూడ్సు రెండు పొడుగు, ఒక పొట్టి, మళ్లీ ఒక పొడుగు కూత వేయాలన్నది అక్కడి ఫెడరల్ నియమం. మా వాడు రెండింటి దాకా లెక్కపెడుతూ కూర్చున్నాడు. ఇక ముందు వచ్చే అరిజోనాలోని ఫ్లాగ్‌స్టాఫ్, విలియమ్స్, కింగ్‌మన్... ఈ ఊళ్లన్నీ పట్టాల వెంట కట్టినవే, కాబట్టి శాటిలైట్ వ్యూలో పట్టాలు కూడా చూసుకోండి. మైలు అవతల పది డాలర్లు ఎక్కువైనా పెట్టొచ్చు.

ఫ్లాగ్‌స్టాఫ్‌లో గ్రాండ్ కాన్యన్ జనం వల్ల రేట్లు ఎక్కువ. వంద మైళ్లలోపే ఉన్న హోల్‌బ్రుక్, విన్స్‌లో ఊళ్లలో అదే స్థాయి గది ముప్పై నలభై డాలర్లు తక్కువకు వస్తుంది. కాన్యన్ చూడాలనుకునేవాళ్లు మాత్రం ఆ తేడా చూసి వెనక్కి వెళ్లొద్దు, పొద్దున గంటన్నర దాకా డ్రైవ్ అదనమవుతుంది.

గది అసలే తీసుకోకుండా కార్లో పడుకునే వాళ్ల గురించి కూడా చెప్పాలి, స్టూడెంట్లు చాలామంది అడుగుతారు. రెస్ట్ ఏరియాల నియమం రాష్ట్రానికొకటి. టెక్సాస్‌లో 24 గంటల దాకా ఉండనిస్తారు, కాలిఫోర్నియాలో 8 గంటలు. గుడారం వేయడం రెండుచోట్లా కుదరదు. వాల్‌మార్ట్ పార్కింగ్‌లో ఆ స్టోర్ మేనేజర్ ఒప్పుకోవాలి, ఆ ఊరి చట్టమూ ఒప్పుకోవాలి, లోపలికి వెళ్లి అడగడమే మార్గం. లవ్స్, పైలట్ లాంటి ట్రక్ స్టాపులు రాత్రంతా వెలుతురుగా ఉంటాయి, డబ్బు కడితే షవర్ గది తాళం ఇస్తారు. ఇద్దరు మగపిల్లలైతే ఒక రాత్రికి ఫర్వాలేదేమో. కుటుంబంతో నేను చేయను. దానికంటే కేఓఏ అనే క్యాంపింగ్ సంస్థ స్థలాల్లోని చిన్న చెక్క క్యాబిన్లు నయం. తాళం వేసుకునే తలుపు, మంచాలు ఉంటాయి. దుప్పట్లు మనవే తెచ్చుకోవాలి, బాత్రూమ్‌కు బయటికి నడవాలి. ఆ నడక కోసమే మా అత్తగారు వద్దన్నారు.

డబ్బు విషయానికొస్తే, 2025 మే 12 నుంచి ఎఫ్‌టీసీ (వినియోగదారుల హక్కులు చూసే ఫెడరల్ సంస్థ) నిబంధన వచ్చాక తప్పనిసరి ఫీజులన్నీ కలిపిన ధరనే ముందు చూపించాలి. పన్నులు మాత్రం చివర్లో వచ్చి చేరుతూనే ఉన్నాయి, మాకు చాలాచోట్ల పది నుంచి పదిహేను శాతం దాకా. చెకిన్‌లో కార్డు మీద కొంత హోల్డ్ పెడతారు. డెబిట్ కార్డు ఇస్తే ఆ డబ్బు కొన్నాళ్లు ఇరుక్కుపోతుంది, క్రెడిట్ కార్డే ఇవ్వండి. అర్ధరాత్రి గదికి ఫోన్ చేసి "రిసెప్షన్ నుంచి, మీ కార్డు పడలేదు, నంబర్ చెప్పండి" అనేవాళ్లుంటారు. అదొక పాత మోసం. ఫోన్ పెట్టేసి, కిందికి వెళ్లి అడగండి. గదిలోకి వెళ్లగానే పెట్టెలు బాత్‌టబ్‌లో పెట్టి, పరుపు అంచు కుట్లు టార్చితో చూసేదాన్ని. నల్లులకు అంతకంటే మంచి పరీక్ష లేదు.

చివరి రాత్రికి కింగ్‌మన్‌లోనే ఆగండి. అక్కడ హోటళ్లు ఎక్కువ, రేట్లు తక్కువ. నీడిల్స్ దాటాక బార్‌స్టో దాకా 140 మైళ్లకు పైగా మొజావీ ఎడారి. మధ్యలో లడ్‌లో అనే చిన్న మజిలీ తప్ప ఆగి పడుకునే చోటు దాదాపు లేదు. పెట్రోలు రేటు చూస్తే కళ్లు తిరుగుతాయి. కింగ్‌మన్‌లోనే ట్యాంకు నింపుకుని, ఎండాకాలమైతే తెల్లవారుజామునే బయల్దేరడం మంచిది.