సింగ్‌నగర్ వలంటీర్ల శిక్షణ శిబిరం: తాడు ముడి దాకా బాగుంది, దుకాణాల సంగతి తేలలేదు

విజయవాడ అజిత్‌సింగ్‌నగర్‌లో మా వర్తకుల సంఘం, కాలనీ సంక్షేమ సంఘం కలిసి వరుసగా రెండు ఆదివారాలు నిర్వహించిన విపత్తు సన్నద్ధత శిబిరానికి మా దుకాణంలో పనిచేసే ఇద్దరు కుర్రాళ్లను వెంటబెట్టుకుని హాజరయ్యాను. కాలనీవాసులకు ప్రవేశం ఉచితం. దుకాణానికి మాత్రం 500 రూపాయలు తీసుకుని మనిషికొక విజిల్, ఒక చిన్న ప్రథమ చికిత్స సంచి ఇచ్చారు. తమ పేటల్లోనూ ఇటువంటి శిబిరం పెట్టించాలని ఆలోచిస్తున్నవారికి ఉపయోగపడుతుందని ఇది రాస్తున్నాను.

ఈ ప్రాంతంలో ఇటువంటి శిక్షణ ఎందుకు కావాలో ఎవరికీ కొత్తగా చెప్పనక్కరలేదు. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో కురిసిన వానలకు బుడమేరు వాగు పొంగి, దాని నీటిని మళ్లించే డైవర్షన్ కాలువకు గండ్లు పడి, సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట, వాంబే కాలనీ నీట మునిగాయి. అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ వద్ద కృష్ణ ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటడంతో అధికార యంత్రాంగం రెండు వరదలను ఒకేసారి ఎదుర్కోవలసి వచ్చింది. మూడు గండ్లలో చివరిదాన్ని సైన్యం తోడ్పాటుతో పూడ్చేసరికి సెప్టెంబరు 7 వచ్చింది. జాతీయ విపత్తు ప్రతిస్పందన దళం పదో బెటాలియన్ గన్నవరం పక్కన కొండపావులూరులోనే ఉన్నా, నీళ్లు గడప దాటిన తొలి గంటల్లో ప్రతి సందుకూ ఏ దళమూ చేరలేదు. ఆ గంటల్లో మంచం పట్టిన ముసలమ్మను మేడ మీదికి చేర్చవలసింది పక్కింటివారే.

శిక్షకులు ఈ వాస్తవాన్ని బాగా గ్రహించినవారు. పాఠమంతా మన ఇళ్లలో దొరికే వస్తువుల చుట్టూనే నడిపారు. మూత బిగించిన ఖాళీ 20 లీటర్ల నీళ్ల క్యానును నడుముకు పైన, ఛాతీ దగ్గర రెండు చేతులతో హత్తుకుంటే పెద్ద మనిషి సైతం మునగకుండా ఉండగలడని చెప్పి, దాని మెడకు తాడు కట్టి విసిరే పద్ధతి నేర్పారు. బరువు పడినా బిగుసుకుపోని బౌలైన్ ముడిని అందరిచేతా వేయించారు. ముందు చూస్తూ వేయించి, తరువాత కళ్లు మూసుకుని వేయించారు, ఎందుకంటే కరెంటు పోయిన రాత్రి ఆ ముడి చీకట్లోనే వేయవలసి వస్తుంది. మా కుర్రాళ్లలో ఒకడు ఇప్పుడు బస్తాలకు కూడా ఆ ముడే వేస్తున్నాడు.

ప్రథమ చికిత్స భాగం నన్ను ఎక్కువగా ఆకట్టుకుంది. నీట మునిగినవారిని బోర్లా పడుకోబెట్టి, పొట్ట నొక్కి నీళ్లు కక్కించే అలవాటు మన వైపు ఎంత బలంగా ఉన్నదో శిక్షకురాలికి తెలుసు. అలా చేస్తే విలువైన సమయం పోవడమే కాక, కక్కినది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉందని ఆమె ఓపికగా వివరించి, శ్వాస లేనివారికి నోటి ద్వారా గాలి అందిస్తూ నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 సెంటీమీటర్లకు తగ్గకుండా ఛాతీ నొక్కాలని బొమ్మ మీద చేసి చూపించారు. రెండు నిమిషాలకే చేతులు నొప్పి పుడతాయి కాబట్టి ఇద్దరు వంతులవారీగా చేయాలని చెప్పి, జంటలుగా సాధన చేయించారు. విద్యుత్తు విషయంలో చెప్పిన ఒక మాట ప్రతి ఇంటివారూ గుర్తుంచుకోదగినది. మెయిన్ కట్టేసినా ఇన్వర్టర్ నడుస్తూనే ఉంటుంది కనుక, నీళ్లు ఇంట్లోకి రాకముందే దాన్ని కూడా ఆపాలి. అగ్నిమాపక సిలిండర్ వాడకం, గ్యాసు లీకు జాగ్రత్తలు క్లుప్తంగా, సరిపడినంత చెప్పారు.

రెండో ఆదివారం మధ్యాహ్నం ‘వ్యాపారుల సహకారం’ అన్న అంశం మొదలైంది. శిబిరం తేలిపోయింది అక్కడే. ఒక కాగితం పంచి దుకాణం పేరు, ఫోన్ నంబరు, ఇవ్వగలిగిన సాయం రాయమన్నారు. చాలామంది ‘విరాళం’ అని రాసి ఇచ్చేశారు. వాటర్ ప్లాంటు నడిపే ఆవిడ మాత్రం లేచి, ‘‘క్యాన్లు ఇస్తానండీ, కాదనను. తిరిగి రాకపోతే ఆ డబ్బు ఎవరిస్తారు? కరెంటు లేకపోతే ప్లాంటు తిప్పేదెట్లా?’’ అని అడిగారు. ఆ శిబిరం మొత్తంలో అడిగిన ప్రశ్నలలో అంతకన్నా అవసరమైనది లేదు. దానికి వచ్చిన జవాబు ‘‘అప్పటికి చూద్దామమ్మా’’ అన్నది. అప్పటికి చూసుకుందామనుకోవడం వల్లనే 2024లో పడవ ఎక్కించడానికి డబ్బు అడిగారన్న ఫిర్యాదులు పత్రికలకు ఎక్కాయి.

వ్యాపారుల నుంచి ఆపదలో కావలసింది నగదు కన్నా సరుకు, వాహనం, తాళంచెవి. టెంట్ హౌస్‌వారి దగ్గర వందలమందికి సరిపడే వంటపాత్రలు, జనరేటరు ఉంటాయి. కళ్యాణమండపానికి మేడ ఉంటుంది. ఆటోనగర్‌లో క్రేన్లు, టిప్పర్లు, వెల్డింగ్ పనివారు ఉన్నారు. మందుల దుకాణంవారికి ఏ ఇంట్లో ఇన్సులిన్ వాడేవారున్నారో తెలుసు, కేబుల్ పనివారికి ఏ సందులోంచి ఏ డాబా మీదికి దారి ఉందో తెలుసు. వీటన్నిటికీ వానకాలానికి ముందే ఒక్కొక్క పేజీ ఒప్పందం రాసుకోవాలి. అందులో వస్తువు, దాని అద్దె ధర, డీజిల్ ఎవరు పోయిస్తారన్నది, యజమాని ఊళ్లో లేకపోతే తాళం ఎవరి దగ్గర దొరుకుతుందన్నది, పాడైతే ఎన్నాళ్లలో ఎవరు చెల్లిస్తారన్నది ఉండాలి. ఉచితంగా ఇవ్వదలచినవారు ఇవ్వవచ్చు, ఇవ్వలేనివారిని న్యాయమైన ధరకు ఒప్పించడంలో తప్పేమీ లేదు. చిన్న దుకాణదారుకు ఆ సరుకే జీవనాధారం, వరదలో అతనూ బాధితుడే.

కంపెనీల చట్టం, 2013 ప్రకారం పెద్ద సంస్థలు సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయదగిన పనుల జాబితాలో 2019 నుంచి విపత్తు నిర్వహణ కూడా ఉంది. మా వీధిలోని దుకాణాలు ఆ పరిధిలోకి రావు గాని, నగరంలో శాఖలున్న పెద్ద సంస్థలను అడిగి లైఫ్ జాకెట్లు, గాలి నింపే పడవలు కొనిపించడానికి నిర్వాహకులకు మంచి అవకాశం ఉంది. ఆ ప్రస్తావనే రాలేదు.

రెండు ఆదివారాలతో పూర్తి స్థాయి వలంటీరు తయారవుతాడని అనుకోకూడదు. కేంద్రం నడిపిన ఆపద మిత్ర పథకంలో శిక్షణ 12 రోజులు ఉండేది. ఆసక్తి ఉన్న యువకులు జిల్లా విపత్తు నిర్వహణ అధికారులను సంప్రదించి అటువంటి శిక్షణకు ప్రయత్నించాలి. అయితే ఆపద మిత్ర పథకానికి 18 నుంచి 40 ఏళ్ల వయోపరిమితి ఉండేది. ఇక్కడ మాత్రం యాభై దాటిన గృహిణులు, రిటైరైన ఉపాధ్యాయులు కూడా ఉత్సాహంగా నేర్చుకున్నారు. పగటిపూట కాలనీలో ఉండేది వారే కాబట్టి వారి రాక ఈ శిబిరానికి పెద్ద బలం.

శిక్షణకు 5కు 4.5, వ్యాపారుల భాగానికి 2 ఇస్తాను. రుసుముకు తగిన విలువ నిస్సందేహంగా ఉంది. ఇక్కడ చెప్పిన లోపాలను నిర్వాహకులకు రాతపూర్వకంగా ఇచ్చాను, వారు చర్చిస్తామన్నారు. దానితోపాటు మా దుకాణం ట్రాలీ ఆటో, రెండు టార్పాలిన్లు, వాటి అద్దె, తాళంచెవి ఉండే ఇంటి వివరం ఒక కాగితం మీద రాసి సంతకం చేసి ఇచ్చాను. వాటర్ ప్లాంటు ఆవిడ కూడా క్యాను ఒక్కింటికి ఎంత కట్టించుకోవాలో రాసిచ్చారు. ఈ రెండు కాగితాల మీద సంఘం తరఫున ఎవరైనా సంతకం చేయవలసి ఉంది.