బెల్టు తీసి చైను వేయిస్తున్నారా? పాత పుల్లీలు వదిలి రాకండి

విజయవాడ, గుంటూరు వైపు బెల్టు బండ్లు (వెనక చక్రాన్ని చైను బదులు బెల్టు తిప్పే బైకులు) నడిపేవాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి. చైను కన్వర్షన్ చేయించిన పన్నెండో రోజుకి నా బండి ఇంజను కేసు పగిలింది.

నాది హార్లీ ఐరన్ 883, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఉండేది గుంటూరు, పని అమరావతి వైపు. పనులు జరుగుతున్న రోడ్ల మీద కంకర ఎక్కువ. ఒకరోజు చిన్న రాయి బెల్టుకీ వెనక పుల్లీకీ (బెల్టు తిరిగే పళ్ల చక్రం) మధ్య ఇరుక్కుని బెల్టుకి చిల్లు పడింది. మామూలుగా బెల్టు ఏళ్ల తరబడి వస్తుంది, ఆయిల్ పెట్టే పనే ఉండదు. కానీ లోపలి పోగులు తెగితే దానికి అతుకు లేదు, మార్చాల్సిందే. కొత్తది రావడానికి చాలా రోజులు పడుతుందన్నారు.

ఆ టెన్షన్‌లో ఉండగా విజయవాడలో ఒక షాపతను "అన్నా, చైను వేసేద్దాం. ఎక్కడైనా దొరుకుతుంది, రాయి పడ్డా భయం లేదు, పికప్ కూడా పెరుగుద్ది" అన్నాడు. ఆ మాటల్లో తప్పు లేదు. సరైన కిట్టుతో (చైను, అది తిరిగే రెండు పళ్ల చక్రాలు, అంటే స్ప్రాకెట్లు) చేస్తే చైను బాగానే పనిచేస్తుంది. మీ బండికి సరిపోయే కిట్టే తెప్పిస్తానని చెప్పి 28,000 ఫోన్‌లో వేయించుకున్నాడు. బిల్లు తర్వాత ఇస్తానన్నాడు, ఇవ్వలేదు.

బండి తీసుకుని వారధి దాటానో లేదో, అరవైలో కాళ్ల కింద గరగరమని శబ్దం మొదలైంది. ఫోన్ చేస్తే కొత్త చైను కదా, సెట్ అవుతుందన్నాడు. మీటరు 80 చూపిస్తుంటే జీపీఎస్‌లో 70 వచ్చేది. ఈ బండికి స్పీడు సెన్సర్ గేర్‌బాక్సు మీద ఉంటుంది కాబట్టి స్ప్రాకెట్ల పళ్ల లెక్క మారితే మీటరు తప్పు చూపిస్తుంది. ఆ ముక్క కూడా నాకు ముందు చెప్పలేదు.

పన్నెండో రోజు కాజ టోల్‌గేటు దాటాక చైను లింకు ఊడింది. చైనంతా ముందు స్ప్రాకెట్ దగ్గర కుప్పపడి కేసుని కొట్టేసింది. వెనక చక్రం ఒక్క క్షణం పట్టేసి వదిలింది. అప్పుడు వెనకాల లారీ లేదు. అందుకే ఇవాళ ఇది రాయగలుగుతున్నాను.

గుంటూరులో తెలిసిన మెకానిక్ విప్పి చూపిస్తే నాకు నోట మాట రాలేదు. కిట్టు అనేదే లేదు. నా ఒరిజినల్ ముందు పుల్లీని లేత్ మీద కోసి, షాఫ్టు మీద కూర్చునే మధ్య ముక్క ఉంచుకుని, దానికి వేరే ఏదో బండి స్ప్రాకెట్‌ని వెల్డింగ్ చేశాడు. గట్టిపరిచిన ఉక్కుకి అలా వెల్డింగ్ పెడితే పక్కనే పెళుసుబారుతుంది. సరిగ్గా అక్కడే సగం చుట్టూ చీలింది. పైగా ముందు స్ప్రాకెట్, వెనక స్ప్రాకెట్ ఒకే గీతలో లేవు. దాదాపు 6 మి.మీ. తేడా. చైను రోజూ పక్కకి లాగుతూ నడిచింది. చైను రెండు చివర్లని కలిపే లింకు క్లిప్పు కూడా తిరగేసి పెట్టాడు. మూసి ఉన్న వైపు చైను వెళ్లే దిక్కుకి ఉండాలి. ఇంత బరువు బండికి అసలు క్లిప్పు కాదు, రివెట్ లింకు (పిన్నుల చివర్లు నొక్కి శాశ్వతంగా బిగించేది) వేయించుకోవాలి. చైనుకి కొంచెం వదులు ఉండాలి, లేకపోతే గుంతలో దిగినప్పుడు గేర్‌బాక్సు బేరింగు మీద లాగుతుంది. అతను తీగలా బిగించేశాడు.

నన్ను అన్నిటికంటే బాధపెట్టింది పుల్లీల సంగతి. ముందుది కోసేశాడు. వెనకది స్క్రాప్‌కి వేసేశామన్నాడు. ఇప్పుడు బెల్టు దొరికినా వేసుకునే దారి లేదు.

చేయించాలనుకుంటే డబ్బు ఇవ్వకముందే ముందు స్ప్రాకెట్‌ని చేతిలోకి తీసుకుని చూడండి. అది ఒకే ముక్కగా ఉండాలి, ఎక్కడా వెల్డింగ్ గీత కనబడకూడదు. బిగించాక రెండు స్ప్రాకెట్ల మీదుగా వంకర లేని తిన్నని పట్టీ పెట్టి చూపించమనండి. బిల్లు మీద చైను సైజు రాయించండి. 520, 525, 530 మూడింటికీ లింకు పొడవు ఒకటే, ఒక అంగుళంలో 5/8 వంతు, వెడల్పే వేరు. ఒక సైజు స్ప్రాకెట్‌కి ఇంకో సైజు చైను వేస్తే మీకు చూడగానే తెలియదు. విప్పిన పాత సామాను అదే రోజు ఇంటికి తెచ్చుకోండి.

షాపు పేరు ఇక్కడ రాయడం లేదు. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు ఇచ్చాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే అక్కడ ఫీజు లేదు, గడువు రెండేళ్లు. బిల్లు లేకపోయినా డబ్బు పంపిన రికార్డు, అతని మెసేజ్‌లు, విరిగిన ముక్కల ఫొటోలు దాచాను.

ఐరన్ 883 ముందు, వెనక పుల్లీలు పనికొచ్చేవి ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి. సరైన ధర ఇచ్చి తీసుకుంటాను.