నెల్లూరులో కాస్మెటిక్ ఫార్ములేషన్ డిప్లొమా: ఫీజు కట్టే ముందు ఇది చదవండి

నెల్లూరులో కాస్మెటిక్ ఫార్ములేషన్ (క్రీములు, సబ్బుల లాంటివాటి తయారీ) డిప్లొమా అంటూ రోజూ రీల్స్ పెడుతున్నారే, వాళ్ళ దగ్గర చేరదామనుకునేవాళ్ళు దయచేసి ఆగండి. పేరు రాయను. ఆ రీల్స్ చూసినవాళ్ళకి ఎవరో తెలుస్తుంది. మాది కావలి, బీఎస్సీ కెమిస్ట్రీ చేశాను. ఫీజు 65 వేలు. అమ్మ డ్వాక్రా లోన్ తీసి కట్టింది.

కోర్సు అయ్యాక హైదరాబాద్‌లో క్రీములు తయారుచేసే ఒక కంపెనీకి ఇంటర్వ్యూకి వెళ్ళాను. అక్కడి మేడమ్ సర్టిఫికెట్ అటూ ఇటూ తిప్పి చూసి "ఇది ఏ యూనివర్సిటీదమ్మా?" అని అడిగారు. నేను కింద ఉన్న ఐఎస్ఓ ముద్ర, ఉద్యమ్ నంబరు చూపించాను. "ఇవి వ్యాపారం పెట్టుకునేవాళ్ళు తీసుకునేవి, చదువుకి గుర్తింపు కాదు" అన్నారు. ఆవిడ మంచిగానే చెప్పారు, నాకే నోట మాట రాలేదు.

తిరిగి రాగానే డైరెక్టర్ దగ్గరికి పోయాను. చేరేటప్పుడు "గవర్నమెంట్ రికగ్నైజ్డ్ అమ్మా, టెన్షన్ పడకుండా చేరు" అన్న మనిషే. ఇప్పుడు ఫోన్‌లోంచి తల కూడా ఎత్తలేదు. "ఏందమ్మా, చదువుకున్నదానివి. గుర్తింపు మా సంస్థకుందన్నాం గానీ కోర్సుకుందని యాడన్నా రాశామా?" అన్నాడు. బ్రోషర్ తీసి ముందు పెట్టాను. పైన పెద్ద అక్షరాలతో 'ప్రభుత్వ గుర్తింపు' అని ఉంది. దాన్ని పక్కకి నెట్టి, "ఇంకో 30 వేలు కట్టు, అడ్వాన్స్‌డ్ కోర్సులో వేస్తా" అన్నాడు. నా గొంతు పెరిగింది. బయట రిసెప్షన్‌లో కొత్తగా చేరడానికొచ్చిన ఒక అమ్మాయి, వాళ్ళ నాన్న కూర్చుని ఉన్నారు. వాళ్ళకి వినపడుతుందని బాయ్‌ని పిలిచి తలుపు వేయించాడు. అంటే అన్నీ తెలిసే చేస్తున్నాడు! పోయిన డబ్బు కన్నా ఆ తలుపు వేయించడమే నన్ను ఎక్కువ మండిస్తోంది.

నేర్పిందైనా సరిగ్గా నేర్పారా అంటే అదీ లేదు. సబ్బు బేస్ కరిగించి అచ్చుల్లో పోయడం, కలబంద జెల్‌లో రంగు, సెంటు కలపడం. నీళ్ళు ఉన్న క్రీముకి ప్రిజర్వేటివ్ లేకపోతే బాక్టీరియా, బూజు పెరుగుతాయి. వీళ్ళేమో ప్రిజర్వేటివ్ వేయకుండా చేయించి 'నేచురల్' అని పేరు పెట్టించారు. క్రీము ఎన్నాళ్ళు పాడవకుండా ఉంటుందో చూసే స్టెబిలిటీ టెస్ట్ ఊసే లేదు. పైగా ఇంట్లో చేసి ఇన్‌స్టాలో అమ్ముకోమన్నారు. అమ్మకానికి తయారు చేయాలంటే 1940 డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం, 2020 కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం రాష్ట్రం ఇచ్చే లైసెన్స్ ఉండాలి. ఆ మాట ఒక్క క్లాసులోనూ చెప్పలేదు. రేపు ఎవరి మొహమైనా పాడైతే కేసు మన పిల్లల మీదే పడుతుంది.

ఈ రంగంలోకి రావాలనుకునేవాళ్ళు ముందు ఫార్మసీ వైపు చూడండి. బీఫార్మసీ చివరి సెమిస్టర్‌లో కాస్మెటిక్ సైన్స్ ఎలక్టివ్ (మనం ఎంచుకునే సబ్జెక్టు) ఉంది, ఎంఫార్మసీ ఫార్మస్యూటిక్స్‌లో కాస్మెటిక్స్ ఒక పేపరు. నాగపూర్ ఎల్ఏడీ మహిళా కాలేజీలో కాస్మెటిక్ టెక్నాలజీ కోర్సే ఉంది. సెంట్ల వైపు ఆసక్తి ఉంటే ఉత్తరప్రదేశ్‌ కన్నౌజ్‌లో కేంద్ర ఎంఎస్ఎంఈ (చిన్న, మధ్య తరహా పరిశ్రమల) శాఖ కింద నడిచే సువాసన ద్రవ్యాల కేంద్రం ఎఫ్ఎఫ్‌డీసీలో చిన్న కోర్సులు ఉన్నాయి. డిగ్రీ అని ఎవరైనా చెప్తే 1956 యూజీసీ చట్టం కింద ఆ హక్కు ఉన్న యూనివర్సిటీయేనా కాదా యూజీసీ సైట్‌లో చూసుకోండి. నకిలీ యూనివర్సిటీల లిస్టు కూడా అక్కడే ఉంటుంది.

నేను 1915 కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాను. ఆ సంస్థలో ఇప్పటికే ఫీజు కట్టినవాళ్ళు రసీదు, బ్రోషర్, ఫోన్‌పే స్క్రీన్‌షాట్లు, వాట్సాప్ మెసేజ్‌లు ఒక్కటీ డిలీట్ చేయకండి. ఒంగోలు బ్యాచ్ వాళ్ళు కూడా ఉన్నారని విన్నాను. మీరూ ఫిర్యాదు పెట్టి నాకు మెసేజ్ చేయండి, అందరం కలిసే పోదాం.