పాట కోసం మొదటి వాయిద్యం: డబుల్ రీడ్ హార్మోనియం, ఏళ్ల వాడకం తర్వాత

పాడాలన్న కోరికతో వాయిద్యం కొనేవాళ్లకు హార్మోనియం పెట్టెను మించింది లేదని నా అభిప్రాయం. వాయిద్యం మీదే గమకాలు (స్వరాన్ని ఊపుతూ, జారుస్తూ పలికించడం) పలికించాలనుకునేవాళ్లు మాత్రం దీని జోలికి రావద్దు, వయొలిన్‌కో వేణువుకో వెళ్లండి. రెండు మాటలకూ కారణం ఒకటే. మెట్టు నొక్కితే స్వరం తయారుగా వచ్చేస్తుంది, వచ్చాక దాన్ని అటూ ఇటూ కదపలేం. అందుకే మొదటి రోజే సరిగమలు పలుకుతాయి, తోడి రాగంలో ఊగుతూ పలికే గాంధారం మాత్రం ఎన్నేళ్లు సాధన చేసినా పలకదు. 1940లో ఆలిండియా రేడియో ఈ పెట్టెను ప్రసారాలకు దూరం పెట్టి 1971 దాకా రానివ్వలేదు. అప్పటి ఫిర్యాదుల్లో పెద్దది ఇదే. మన పద్యనాటకాలవాళ్లు, భజన మండళ్లవాళ్లు దీన్ని ఎప్పుడూ వదల్లేదనుకోండి.

నా దగ్గరున్నది 42 మెట్ల పెట్టె, అంటే మూడున్నర స్థాయిలు (స నుంచి పై స దాకా ఒక స్థాయి). ఒక్కో మెట్టుకు రెండేసి రీడ్లు, అంటే గాలికి కంపించి స్వరం పలికే ఇత్తడి నాలుకలు: ఒకటి బేస్, రెండోది దానికి ఒక స్థాయి పైన పలికే మేల్. సింగిల్ రీడ్‌లో నాదం పలచన. ట్రిపుల్ రీడ్ బరువు, పైగా గాలి ఎక్కువ తాగుతుంది, కొత్త చేతికి తిత్తి కొట్టడమే ఒక పని అవుతుంది. స్కేల్ ఛేంజర్ కావాలా అని చాలామంది అడుగుతారు. మెట్ల వరుస మొత్తాన్ని పక్కకు జరిపి శ్రుతి మార్చుకునే ఏర్పాటు అది. రకరకాల గొంతులకు పక్కవాద్యం వాయించేవాళ్లకు అవసరం. ఒక్కరే పాడుకునేవాళ్లకు దండగ. ధర, బరువు పెరుగుతాయి, జరిపిన వరుస సరిగ్గా కూర్చోకపోతే పక్క స్వరమూ కలిసి పలుకుతుంది.

కొట్లో పాలిష్ కాదు, గాలి చూడండి. ముందుగా, రీడ్లకు గాలి వదిలే నాబ్‌లన్నీ మూసేసి తిత్తిని నాలుగైదుసార్లు కొట్టండి. గాలి నిండి తిత్తి బిగుసుకోవాలి, ఇక కదలనని మొరాయించాలి. మెత్తగా కదులుతూనే ఉంటే లోపలి తోలు దగ్గరో చెక్క అతుకుల దగ్గరో గాలి కారుతోందన్నమాట. తర్వాత బేస్, మేల్ నాబ్‌లు తెరిచి, మెట్టేదీ నొక్కకుండా మళ్లీ కొట్టండి. మొదటిసారి బిగుసుకుని ఇప్పుడు మెత్తబడితే తప్పు మెట్ల కింది తోలు మూతలది. ఇది బాగుచేయించుకోదగ్గది, మొదటిది ఖర్చుతో కూడిన పని. ఆ తర్వాత చాలా నెమ్మదిగా గాలి ఇస్తూ 42 మెట్లూ ఒక్కొక్కటే నొక్కాలి. ఏదైనా ఒకటి ఆలస్యంగా అందుకుంటే దాని రీడ్ అమరిక బాగాలేదు. రెండు నాబ్‌లూ తెరిచి ఒకే మెట్టు పట్టుకున్నప్పుడు నాదం అలలుగా ఊగితే బేస్‌కూ మేల్‌కూ శ్రుతి కలవలేదు. చివరగా ఫోన్‌లో ట్యూనర్ యాప్ పెట్టి 440కి (A స్వరం సెకనుకు 440 కంపనాలు, కీబోర్డుల కొలత అదే) ఉందో లేదో చూసుకోండి, లేకపోతే రేపు కీబోర్డుతో కలిసి వాయించలేరు.

అమ్మేవాళ్లు గొప్పగా చూపించే శ్రుతి నాబ్‌ల సంగతి కొంచెం కనుక్కుని కొనాలి. మెట్టు నొక్కకుండానే ఒక స్వరాన్ని మోగిస్తూ ఉంచేవి ఇవి. చాలా పెట్టెల్లో నల్ల మెట్లకే ఉంటాయి. మీరు ఒకటిన్నర శ్రుతిలోనో అయిదున్నరలోనో, అంటే నల్ల మెట్టును స చేసుకుని పాడితే పనికొస్తాయి. తెల్ల మెట్టు స అయ్యే ఒకటి, అయిదు శ్రుతులవాళ్లకు ఊరికే ఉంటాయి.

సాధనకు ఒకటి శ్రుతిలో మొదలుపెట్టండి. రెండు నల్ల మెట్లు జంటగా ఉన్నచోట, వాటికి ఎడమవైపు తెల్ల మెట్టు షడ్జమం. మొదటి పాఠాలైన సరళీ స్వరాలు మాయామాళవగౌళ రాగంలో కదా, రిషభం, ధైవతం రెండూ శుద్ధం, ఆ రెండే నల్ల మెట్లు, తక్కినవన్నీ తెల్లవి. బొటనవేలు స, చూపుడు వేలు రి, మధ్యవేలు గ. బొటనవేలిని కిందుగా తెచ్చి మ, చూపుడు వేలు ప, మధ్యవేలు ధ, ఉంగరపు వేలు ని, చిటికెన వేలు పై స. మొదటి వారమే ఈ వేళ్లు ఖాయం చేసుకోకపోతే రెండో కాలంలో, అంటే రెట్టింపు వేగంలో, చేయి తడబడుతుంది. సరదాకి ఒకటి: మూడు నల్ల మెట్ల గుంపులో మొదటిదాన్ని స అనుకుని నల్లవి మాత్రమే వాయించుకుంటూ పోతే మోహన రాగం వచ్చేస్తుంది. అది నాలుగున్నర శ్రుతి.

ఎడమచేతి తప్పు అందరూ చేసేదే. తాళానికి తగ్గట్టు తిత్తి కొడతారు, పాట కుదుపులు కుదుపులుగా వస్తుంది. తిత్తికి తాళంతో పనిలేదు. పూర్తిగా లాగకుండా, సగం దాకా, లోపలి గాలి అయిపోకముందే మళ్లీ నింపుతూ ఉండాలి.

ఎక్కువ వాడాక తెలిసే లోపం ఇంకొకటుంది. ఇందులో పన్నెండు స్వరస్థానాలూ సమాన దూరాలు. అంతర గాంధారం (మాయామాళవగౌళలో వాయించే గ) తంబురాలో వినపడే సహజ గాంధారం కన్నా సుమారు 14 సెంట్లు ఎక్కువ (పక్కపక్క స్వరస్థానాల మధ్య దూరం 100 సెంట్లు). పెట్టెతోనే పాడుతూ పోతే గొంతు ఆ గాంధారానికి అలవాటు పడిపోతుంది. రోజూ కాసేపు పెట్టె మూసి, తంబురాతోనే పాడాలి.

రిపేర్ల విషయానికొస్తే, నొక్కకుండానే ఒక మెట్టు కుయ్యిమంటుంటే కంగారు పడొద్దు. పై పలక తీసి చూస్తే మెట్టు స్ప్రింగ్ గాడి తప్పి ఉంటుంది, లేదా తోలు మూత కింద నలుసు ఇరుక్కుని ఉంటుంది. రెండూ ఇంట్లో చేసుకునే పనులే. ఒక స్వరం మూగబోతే రీడ్‌లో దుమ్ము చేరిందని. ముందు గట్టిగా గాలి ఇస్తూ ఆ మెట్టును టకటకా కొట్టండి. కదలకపోతే ఇత్తడి నాలుక కిందికి పలచటి కాగితం పోనిచ్చి మెల్లగా లాగాలి. నాలుకను వంచితే శ్రుతి పోతుంది. కొస గీకితే స్వరం పెరుగుతుంది, మొదలు గీకితే తగ్గుతుంది. ఆ గీకుడు మాత్రం పనివాడికే వదిలేయండి, పోయిన ఇత్తడి తిరిగి రాదు. సముద్రం దగ్గరి ఊళ్లలో వానాకాలం మెట్లు ఉబ్బి ఒకదానికొకటి రాసుకుంటాయి. వాటికి నూనె వేయకూడదు, చెక్క పీల్చుకుంటుంది. తెలంగాణ, రాయలసీమ ఎండలకు చెక్క ఎండి అతుకులు విడుస్తాయి, కాబట్టి కిటికీ పక్కన పెట్టకండి. తిత్తి కొక్కెం పెట్టి, పెట్టె మీద గుడ్డ కప్పి, నేల మీద కాకుండా ఎత్తులో ఉంచాలి. ఎలుకలకు ఆ తోలంటే మహా ఇష్టం. సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు తిత్తి మడతల మూలలు వేలితో తడిమి చూడండి, ఎలుక ముందు కొరికేది అక్కడే.