రైన్ ఒడ్డున పాత పద్దులు

అమ్మాయి, అల్లుడు ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉంటారు. మేం జర్మనీ వెళ్ళడం ఇది రెండోసారి. కోటలు, సరస్సులు, కుక్కూ గడియారాలు మొదటిసారే అయిపోయాయి. ఈసారి నేను అడిగింది ఒక్కటే: హిట్లర్‌కి ముందు యూదుల సంగతి ఏమిటో తెలిసే ఊళ్ళు చూపించమని. నాజీల మరణశిబిరం ఆష్విట్జ్ వెళ్దామా అన్నాడు అల్లుడు. అక్కడ ఉన్నది ముగింపు, నాకు మొదలు కావాలన్నాను. "ఇంత దూరం తీసుకొచ్చి శ్మశానాలు చూపిస్తారా?" అంది మా ఆవిడ. తీరా చూస్తే ఈ యాత్ర నాకంటే ఆవిడకే ఎక్కువ నచ్చింది.

నేను ముప్పైమూడేళ్ళు బ్యాంకులో పనిచేసి రిటైరైనవాణ్ణి. మ్యూజియంకి వెళ్తే కత్తులూ కిరీటాలూ దాటేసి కాగితాల దగ్గర ఆగిపోతాను. ఇంట్లో అందరికీ అదొక విసుగు. ఈసారి మాత్రం ఆ అలవాటే దారి చూపించింది.

మకాం మైన్స్‌లో పెట్టాం. స్టేషన్‌కి అయిదు నిమిషాల నడకలో చిన్న హోటల్, రాత్రికి 94 యూరోలు, టిఫిన్‌తో కలిపి. గది శుభ్రంగా ఉంది. ఏసీ లేదు. జూన్ ఎండకి రెండో అంతస్తు గది రాత్రి పదింటికి కూడా పెనంలా ఉంది. అడిగితే టేబుల్ ఫ్యాన్ ఇచ్చారు, అదీ ఒకటే. టిఫిన్‌లో మాంసం లేనివి బ్రెడ్డు, జున్ను, పండ్లు, పెరుగు. మా ఆవిడ తెచ్చిన కందిపొడి, నిమ్మకాయ పచ్చడి ముందు అవన్నీ తేలిపోయాయి. అయినా మైన్స్ మంచి మకామే. ష్పేయర్, వోర్మ్స్, బాఖారాఖ్ అన్నీ పొద్దున వెళ్ళి సాయంత్రానికి తిరిగొచ్చే దూరం. రైన్‌లాండ్-ఫాల్ట్స్ టికెట్ అని అడిగితే అయిదుగురి వరకు ఒకే రోజు టికెట్ మీద తిరగొచ్చు. కాకపోతే లోకల్ రైళ్ళకే చెల్లుతుంది, పనిరోజుల్లో ఉదయం 9 దాటాకే. నేను 8:40 రైలెక్కబోతుంటే అమ్మాయి చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది.

ముందుగా ష్పేయర్. అందరూ అక్కడి పెద్ద కెథడ్రల్ కోసం వెళ్తారు. మేం దాన్ని పావుగంటలో ముగించి, దగ్గర్లోనే ఉన్న యూదుల ప్రాంగణానికి వెళ్ళాం. 1104 నాటి సినగాగ్, అంటే యూదుల ప్రార్థనామందిరం, గోడలు కొన్ని మిగిలాయి. పక్కనే మిక్వే, అంటే శుద్ధిస్నానాల చోటు. సుమారు 1120లో కట్టింది, చెక్కుచెదరలేదు. మెట్లు దిగుతూ పోతే పది మీటర్ల లోతున భూగర్భజలం. మా ఆవిడ చూడగానే "ఇది మన దిగుడుబావే కదండీ" అంది. అంతకంటే మంచి మాట నాకు తట్టలేదు. పైన ఎండ మండుతున్నా అడుగున చలి. తక్కువ టికెట్, తక్కువ జనం. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు మాత్రం మెట్ల దగ్గర ఆలోచించుకోవాలి.

ఈ వాడకి మూలం ఒక పత్రం. 1084లో ష్పేయర్ బిషప్ రూడిగర్ హుజ్‌మన్ యూదులను పిలిచి మరీ చోటిచ్చాడు. ఊరిని పట్నం చెయ్యాలనుకున్నాననీ, యూదులు వస్తే దాని గౌరవం వెయ్యి రెట్లు పెరుగుతుందనీ అందులో రాయించాడు. శ్మశానానికి స్థలం, రేవులో వ్యాపారం చేసుకునే స్వేచ్ఛ, తగాదాలు తమలో తామే తీర్చుకునే హక్కు, వాడ చుట్టూ రక్షణగా గోడ. బదులుగా ఏడాదికి మూడున్నర పౌండ్ల ష్పేయర్ నాణేలు. రెండు పక్షాలకూ లాభమున్న ఒప్పందం. ఆ గోడ సంగతి మాత్రం కాస్త గుర్తుపెట్టుకోండి.

పన్నెండేళ్ళు గడిచాయో లేదో, 1096లో మొదటి క్రూసేడ్. జెరూసలేం మీద యుద్ధానికి బయల్దేరిన మూకలు, క్రీస్తును చంపినవాళ్ళు ఇక్కడే పొరుగున ఉంటే అంత దూరం పోవడం దేనికి అన్నాయి. మతం మారతావా, చస్తావా అన్నదే ప్రశ్న. మే నెలలో ష్పేయర్‌లో పదకొండు మంది పోయారు. అక్కడి కొత్త బిషప్ అడ్డుపడి మిగిలినవాళ్ళను కాపాడాడు. వోర్మ్స్‌లో రెండు దాడుల్లో దాదాపు 800 మంది, మైన్స్‌లో వెయ్యికి పైగా. మైన్స్ యూదులు ఆర్చ్‌బిషప్ భవనంలో తలదాచుకున్నా ప్రాణాలు దక్కలేదు. చాలామంది వాళ్ళ చేతికి చిక్కకూడదని తమ పిల్లల్ని తామే చంపుకున్నారు. ఇది చదివాక ఆ రోజు మేం ఐస్‌క్రీం తినకుండానే రైలెక్కాం.

వోర్మ్స్‌కి ఒక రాత్రి కేటాయించాం. ఈ యాత్రలో ఒక్క ఊరే చూడగలిగితే ఇదే చూడమంటాను. గది విషయంలో మాత్రం దెబ్బతిన్నాం. రిసెప్షన్ లేని బస అది, తలుపు కోడ్ ఫోన్‌కి వస్తుందన్నారు. రాలేదు. ఫోన్ చేస్తే జర్మన్‌లో రికార్డు మాట. రెండు సూట్‌కేసులతో గంటన్నర వీధిలో నిలబడితే, ఎదురింటి ముసలాయన కుర్చీ తెచ్చి మా ఆవిడని కూర్చోబెట్టాడు. అల్లుడు ఎవరెవరికో ఫోన్లు చేస్తే చివరికి తలుపు తెరుచుకుంది. పెద్దవాళ్ళు వెళ్తుంటే మనిషి ఉండే హోటలే తీసుకోండి, పది యూరోలు ఎక్కువైనా సరే.

శ్మశానం పేరు 'పవిత్రమైన ఇసుక'. యూరప్‌లో తన చోట తాను నిలిచి ఉన్న యూదుల శ్మశానాల్లో ఇదే పాతదని చెబుతారు. 11వ శతాబ్దం నాటి రాళ్ళున్నాయి. శనివారం మూసేస్తారు. మగవాళ్ళు తల కప్పుకోవాలి. నా దగ్గర టోపీ లేదు, జేబురుమాలు నాలుగు మూలలా ముడివేసి పెట్టుకున్నాను. మా నాన్న పొలం గట్టు మీద అలాగే పెట్టుకునేవాడు. ఒరిగిపోయిన రాళ్ళ మధ్య మోకాలెత్తు గడ్డి, గోడ పైనుంచి కెథడ్రల్ గోపురాలు. గేటుకి కాస్త లోపలే పక్కపక్కన రెండు రాళ్ళు, వాటి మీద గులకరాళ్ళు, మడిచిన చీటీలు.

మొదటిది రోథెన్‌బుర్గ్ రబ్బీ, అంటే యూదుల మతగురువు, మేయిర్‌ది, ఆ కాలపు మహాపండితుడు. 1236లో చక్రవర్తి రెండో ఫ్రెడరిక్ సామ్రాజ్యంలోని యూదులందరూ తన ఖజానా సేవకులని ప్రకటించాడు. వినడానికి రక్షణ, నిజానికి ఆస్తుల జాబితా. పన్నులు పెరిగాయి. 1286లో మేయిర్ కుటుంబంతో దేశం దాటిపోబోతే రాజు రుడాల్ఫ్ పట్టి బంధించాడు. ఖజానా ఆస్తి గడప దాటకూడదు కదా! విడుదలకి పెద్ద సొమ్ము అడిగారు. తన కోసం డబ్బు కడితే రేపు ప్రతి రబ్బీనీ ఇలాగే పట్టుకుంటారని మేయిర్ వద్దన్నాడని చెబుతారు. 1293లో ఖైదులోనే పోయాడు. శవాన్ని కూడా ఇవ్వలేదు, పద్నాలుగేళ్ళు. 1307లో అలెగ్జాండర్ వింఫెన్ అనే వర్తకుడు డబ్బు కట్టి శవాన్ని విడిపించాడు. బదులుగా అడిగింది ఒక్కటే, తన సమాధి ఆయన పక్కన ఉండాలని. రెండో రాయి అతనిదే. మా ఆవిడ ఒక గులకరాయి వెతికి తెచ్చి, మొదటిదాని మీద కాదు, రెండోదాని మీద పెట్టింది.

ఊరికి ఉత్తరాన పాత గోడను ఆనుకుని యూదుల వీధి, సినగాగ్. మొదటి కట్టడం 1034 నాటిది. కూల్చడం, మళ్ళీ కట్టడం దాని జాతకం. 1938లో నాజీలు తగలబెట్టారు, 1961లో పాత రాళ్ళు ఏరి మళ్ళీ నిలబెట్టారు. యూదుల మతగ్రంథాల మహావ్యాఖ్యాత రాషీ కుర్రవాడిగా వచ్చి చదువుకున్నది ఈ ఊళ్ళోనే, 1060 ప్రాంతంలో. వెనకే చిన్న మ్యూజియం. ఇక్కడి ఆడియో గైడు కంటే మేం మాట్లాడుకున్న గైడు నయం. ప్రశ్న అడిగితే చిరాకు పడకుండా, తెలియనిది తెలియదని చెప్పింది.

శ్మశానం నుంచి పది నిమిషాల నడకలో, ప్రొటెస్టంట్ ఉద్యమం మొదలుపెట్టిన మార్టిన్ లూథర్ స్మారకం, విగ్రహాల గుంపు. బస్సులన్నీ అక్కడే ఆగుతాయి. 1521లో ఈ ఊరి సభలోనే ఆయన తన మాట వెనక్కి తీసుకోనన్నాడు. 1523లో యూదులతో మంచిగా ఉండమని రాసినవాడు, వాళ్ళు తన మతంలోకి రాకపోయేసరికి 1543లో సినగాగ్‌లు కాల్చండి, ఇళ్ళు కూల్చండి, పుస్తకాలు లాక్కోండి అని రాశాడు. మేం విన్న టూర్‌లో 1521 సంగతే చెప్పారు.

బాఖారాఖ్ గురించి ఎవరైనా చెబితే అందమైన ఊరనే చెబుతారు. నిజమే. ద్రాక్షతోటలు, రైన్ మీద పడవలు, కొండ మీద పైకప్పు లేని గోథిక్ కట్టడం. అందరూ ఫొటోలు తీసుకునే ఆ శిథిలం పేరు వెర్నర్ చాపెల్. 1287లో వెర్నర్ అనే కూలి కుర్రాడి శవం దొరికితే, యూదులు రక్తం కోసం చంపారని పుకారు లేచింది. ఈ రకం నింద 1144 తర్వాత ఇంగ్లండ్‌లోని నారిచ్‌లో పుట్టి ఊరూరా తిరిగింది. రైన్ పొడవునా యూదుల్ని చంపారు. రాజు రుడాల్ఫే వాళ్ళు నిర్దోషులన్నాడు, ఎవరూ వినలేదు. కుర్రాణ్ణి సెయింట్‌గా కొలిచి ఈ గుడి కట్టారు. కానుకలు వచ్చాయి. అతని పండుగను ట్రియర్ డయాసిస్ (అక్కడి బిషప్ పరిధి) క్యాలెండర్ నుంచి తీసేసింది 1963లో. మెట్లెక్కి పైకి వెళ్తే చూపు బాగుంటుంది, వెళ్ళండి. ఫొటో తీసుకునే ముందు కాసేపు ఆగండి.

ఇప్పుడు ఫ్రాన్స్‌లో ఉన్న స్ట్రాస్‌బుర్గ్‌కి ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి వేగం రైలు, రెండు గంటల లోపే. హోటళ్ళ రేట్లు చూసి ఆ రోజే తిరిగొచ్చేశాం. కెథడ్రల్ దక్షిణ ద్వారం దగ్గర రెండు స్త్రీ విగ్రహాలుంటాయి. ఒకటి కిరీటంతో చర్చి. రెండోది కళ్ళకు గంతలు, విరిగిన ఈటె, యూదమతం. అసలు విగ్రహాలు ఎదురుగా ఉన్న మ్యూజియంలో ఉన్నాయి, 1230 ప్రాంతానివి. విచిత్రమేమంటే అందంగా చెక్కింది రెండోదాన్నే. చదువురాని రైతుకి ఆదివారం ఆదివారం ఇదే పాఠం.

ఈ ఊళ్ళో ప్లేగు ఇంకా రాకముందే, యూదులు బావుల్లో విషం కలిపారన్న పుకారు మీద 1349 ఫిబ్రవరి 14న వందల మందిని కాల్చి చంపారు. రెండు వేలమంది అని పాత రాతలు. పోప్ ఆరో క్లెమెంట్ అంతకు ముందే, ప్లేగుకి యూదులు కూడా చస్తున్నారు కదా అని ఖండించాడు. పాత పాలకమండలి కూడా వాళ్ళను కాపాడబోయింది. నాలుగైదు రోజుల ముందు దాన్నే దించేశారు. కారణం పద్దుల్లో ఉంది. యూదుల్ని వృత్తిసంఘాల్లో చేర్చుకోరు, భూమి ఉండనివ్వరు. వడ్డీ క్రైస్తవులకు పాపం కాబట్టి ఆ పని వీళ్ళకు వదిలారు. తర్వాత వడ్డీ వ్యాపారులని తిట్టారు. చంపాక తాకట్లు, పత్రాలు బాకీదారులకు వెనక్కిచ్చారు. నగదు పంచుకున్నారు. మేం బ్యాంకులో ఎన్నో రుణమాఫీలు చూశాం, అప్పిచ్చినవాణ్ణి చంపి చేసిన మాఫీ మాత్రం ఇక్కడే చూశాను. మధ్యలో కొన్నాళ్ళు ఉండనిచ్చినా, ఆ శతాబ్దం చివరి నుంచి నాలుగు వందల ఏళ్ళు యూదులు పగలు పన్ను కట్టి ఊళ్ళోకి రావచ్చు, రాత్రి ఉండకూడదు. వెళ్ళిపొమ్మని కెథడ్రల్ మీదినుంచి కొమ్ము ఊదేవారు.

చివరికి మళ్ళీ ఫ్రాంక్‌ఫర్ట్. మ్యూజియం యూడెన్‌గాసే, అంటే యూదుల వీధి మ్యూజియం, సోమవారం సెలవు. సామాను పెట్టుకోవడానికి లాకర్లు, కూర్చుని చూడటానికి బెంచీలు, ఇంగ్లిష్ వివరణ అన్నీ సరిగ్గా ఉన్నాయి. సేవల విషయంలో మొత్తం యాత్రలో దీనికే ఎక్కువ మార్కులు. 1349 జూన్‌లో రాజు నాలుగో చార్ల్స్ ఫ్రాంక్‌ఫర్ట్ యూదుల్ని నగరానికి 15,200 పౌండ్ల హెల్లర్లకు (అప్పటి నాణేలు) తాకట్టు పెట్టాడు. వాళ్ళు చంపబడితే నగరం బాధ్యత లేదని అందులో ఒక షరతు. నెల తిరక్కుండానే చంపేశారు. జీవితమంతా తాకట్టు పత్రాలు చదివినవాణ్ణి, ఆ షరతు రాసిన చెయ్యి ఎలాంటిదో అనిపించింది.

1462లో మిగిలినవాళ్ళను ఊరి గోడ పక్క సందులోకి తరిమారు. పొడవు 330 మీటర్లు, మూడు గేట్లు. రాత్రుళ్ళు, ఆదివారాలు, క్రైస్తవ పండుగలు తాళం. ష్పేయర్‌లో రక్షణకని కట్టిన గోడ ఇక్కడికొచ్చేసరికి ఇలా అయింది. 1614లో ఫెట్‌మిల్ష్ అనేవాడి మూక దోచుకుంది, రెండేళ్ళకు వాడి తల తీశారు. ఆ 1616లోనే కొత్త నియమం: 500 కుటుంబాలే, ఏడాదికి 12 పెళ్ళిళ్ళే. మా ఆవిడ ఆ పలక ముందు ఆగి, "పదమూడో పిల్ల సంగతేంటండీ?" అంది.

గోడలు పోయి పూర్తి సమాన హక్కులు 1864లో వచ్చాయి. పదిహేనేళ్ళకే, 1879లో విల్హెల్మ్ మార్ 'యాంటీసెమిటిజం' అన్న మాటను ప్రచారంలోకి తెచ్చాడు. ఇక మతం లెక్క కాదు, జాతి. మతం మార్చుకున్నా తప్పించుకోలేరు. యూదులే మన దౌర్భాగ్యం అన్న వాక్యాన్ని అదే ఏడాది బెర్లిన్ ప్రొఫెసర్ ట్రైచ్కే పత్రికలో రాశాడు. దాన్నే తర్వాత ఒక నాజీ పత్రిక మొదటి పేజీలో వేసుకుంది.

1987లో నగరం ఇక్కడ ఆఫీసు కట్టబోతే ఆ పాత సందులోని ఇళ్ళ పునాదులు బయటపడ్డాయి. జనం అడ్డుకున్నారు, గొడవైంది. అయిదు ఇళ్ళ పునాదులు మిగిల్చి పైన ఆఫీసు కట్టేశారు. పక్కన పాత శ్మశానం గోడకి దాదాపు 12 వేల చిన్న దిమ్మలు, ఒక్కొక్క దాని మీద నాజీ కాలంలో పోయిన ఒక్కో ఫ్రాంక్‌ఫర్ట్ మనిషి పేరు. డైరీ రాసిన ఆన్ ఫ్రాంక్‌ది కూడా వెతికితే దొరుకుతుంది. మేం బయటికొచ్చేసరికి నాలుగు దాటింది. పైఅంతస్తుల్లోని నగరపాలక ఆఫీసు నుంచి ఒకాయన ఫైలు చంకలో పెట్టుకుని దిగి, సైకిల్ తాళం తీసుకుంటున్నాడు.