సైనికుల రేషన్ ప్యాక్: చల్లగా తిని చూస్తేనే అసలు సంగతి

సైన్యంలో సుబేదారుగా పనిచేస్తున్న మా బావగారు ఈ వేసవిలో సెలవుపై గుంటూరు వచ్చినప్పుడు, విన్యాసాల్లో తన వంతుగా ఇచ్చినదానిలో మిగిలిన రేషన్ ప్యాక్‌ను మాకు తెచ్చి ఇచ్చారు. ఇది బజారులో దొరికే సరుకు కాదు. అయినా ఇదే పద్ధతిలో తయారైన పొట్లాలు సూపర్ మార్కెట్లలో అమ్ముతున్నారు కనుక, దీని మంచిచెడ్డలు తెలుసుకోవడం వాటిని కొనేవారికి ఉపయోగపడుతుంది.

ప్యాక్‌లో సూజీ హల్వా, ఉప్మా, వెజిటబుల్ పులావ్, రాజ్మా, చపాతీలు, టీ పొట్లాలు, మడత పొయ్యి, దానిలో ఇంధనంగా మండించే హెక్సమిన్ బిళ్లలు ఉన్నాయి. ఇటువంటి ఆహారానికి మన దేశంలో రూపకల్పన చేసినది డీఆర్‌డీఓ కింద 1961లో మైసూరులో ఏర్పడిన రక్షణ ఆహార పరిశోధన ప్రయోగశాల. పాలిస్టర్, అల్యూమినియం రేకు, పాలీప్రొపిలీన్ పొరలు కలిపిన సంచిలో వంటకాన్ని నింపి, మూతి అతికించి, ఆవిరి ఒత్తిడిలో సుమారు 121 డిగ్రీల వేడికి గురిచేస్తారు. ఆ వేడికి సూక్ష్మజీవులతో పాటు వాటి బీజాలు కూడా నశిస్తాయి కాబట్టి, ఫ్రిజ్ అవసరం లేకుండానే పదార్థం నెలల తరబడి నిల్వ ఉంటుంది.

ముందే పూర్తిగా ఉడికించి ఇవ్వడానికి బలమైన కారణమే ఉంది. 18,000 అడుగుల ఎత్తున నీరు సుమారు 82 డిగ్రీలకే మరుగుతుంది కనుక, అక్కడ ప్రెషర్ కుక్కర్ లేకుండా పప్పు ఉడకబెట్టాలంటే ఇంధనం, సమయం రెండూ వృథా అవుతాయి. మంట వెలిగితే శత్రువు కంటపడే చోట అసలు పొయ్యే ముట్టించరు. అందువల్ల ఈ ప్యాక్‌ను వేడిచేసుకొని తిని మెచ్చుకోవడం న్యాయమైన పరీక్ష కాదని నాకు అనిపించి, కొన్ని పొట్లాలను మరిగే నీటిలో వేడిచేశాను, మిగిలినవాటిని రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి తెరిచాను.

వేడిగా తిన్నప్పుడు పులావ్ ఫరవాలేదు. చల్లారాక మాత్రం మెతుకులు బిరుసెక్కి పలుకుగా తగిలాయి. ఉడికిన బియ్యంలోని పిండిపదార్థం చల్లదనానికి మళ్లీ గట్టిపడటమే దీనికి కారణం. ఉప్మాలో కరివేపాకు గోధుమరంగుకు తిరిగి, నమిలినా వాసన తెలియలేదు, జీడిపప్పు వేళ్ల మధ్య నలిగిపోయేంత మెత్తబడింది. రాజ్మా రెండు విధాలా బాగుంది, కారం మాత్రం గుంటూరువాళ్లు చంటిపిల్లలకు పెట్టేంత. అన్నిటికంటే హల్వా నెగ్గింది. నెయ్యి పేరుకొని అంగిలికి అంటుకున్నా, కొరుక్కు తినడానికి వీలుగా ఉంది, తీపి ఏమాత్రం తగ్గలేదు. “పైన ఉన్నప్పుడు ఆకలే వెయ్యదు బావా, తియ్యగా ఉన్నదే ముందు లోపలికి పోతుంది,” అని మా బావగారు చెప్పారు. ఆయన సెలవు ముగించుకొని వెళ్లేటప్పుడు పెట్టెలో కారప్పొడి, గోంగూర పచ్చడి తప్పనిసరిగా ఉంటాయన్నది వేరే సంగతి.

చపాతీలు నిజంగా ఆశ్చర్యపరిచాయి. మడిచినా విరగలేదు, బూజు లేదు, కాస్త పులుపు మాత్రం నాలుకకు తెలుస్తుంది. హెక్సమిన్ బిళ్ల పొగ లేకుండా మండి, బూడిద మిగల్చకుండా ఆరిపోయింది గాని, దాని ఘాటు ముక్కును మండించింది. దానిని పెరట్లో వెలిగించడమే మంచిది, వంటగదిలో ససేమిరా కూడదు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతం మునిగినప్పుడు డ్రోన్లతోనూ హెలికాప్టర్లతోనూ ఆహార పొట్లాలు అందించారు. వండిన అన్నం ఆ ఉక్కపోతలో పూట గడిస్తే పాడవుతుంది. పొయ్యి తడిసి, కరెంటు లేని మేడ మీద ఉన్న కుటుంబానికి ఇటువంటి రాజ్మా, చపాతీ, హల్వా ఎంతో మేలు. ముంపు ప్రాంతాలవారు వర్షాకాలానికి ముందు కొని ఉంచుకోదలిస్తే పులావ్, ఉప్మా వదిలేసి, ఈ మూడింటినే ఎంచుకోమంటాను. పొట్లం ఉబ్బి ఉన్నా, అతుకు దగ్గర జిడ్డు కనిపించినా, తేదీ దాటకపోయినా సరే, తెరవకుండానే పారవేయాలి.